ఫ్లెక్సీకి, నివేదికకి మధ్య ఒక పైలట్ జీవితం

ఉత్తర తెలంగాణలో విమానం అంటే ముందు గుర్తొచ్చేది గల్ఫే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్లో దుబాయ్ పోయినోళ్లు లేని వాడ దొరకడం కష్టం. వాళ్లకు వీసా ఇప్పించిన ఏజెంట్ పేరు గుర్తుంటుంది, కంపెనీ పేరు గుర్తుంటుంది, క్యాంపులో పక్క మంచం మీద పడుకున్న మనిషిది ఏ ఊరో కూడా గుర్తుంటుంది. విమానం నడిపిందెవరో మాత్రం తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ పడదు. స్పీకర్‌లో ఇంగ్లిష్‌లో, హిందీలో నాలుగు మాటలు వినిపిస్తాయి, అంతే. ఆ మనిషి పేరు ఊళ్లదాకా వచ్చేది విమానం కూలినప్పుడే.

2020 ఆగస్టు 7 రాత్రి అట్లా ఒక పేరు బయటికొచ్చింది. కెప్టెన్ దీపక్ వసంత్ సాఠే. దుబాయ్ నుంచి కేరళలోని కోజికోడ్‌కు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 1344 విమానం జోరువానలో రన్‌వే దాటిపోయి, గుట్ట అంచు నుంచి కిందపడి ముక్కలైంది. లోపల ఉన్నది 190 మంది, అందులో 184 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది. 21 మంది చనిపోయారు. కెప్టెన్ సాఠే, కో-పైలట్ అఖిలేష్ కుమార్ ఇద్దరూ ఆ లెక్కలోనే ఉన్నారు. కరోనా లాక్‌డౌన్‌లో విదేశాల్లో ఇరుక్కుపోయినవాళ్లను తీసుకురావడానికి మే 7న మొదలైన వందే భారత్ మిషన్ విమానం అది, సరిగ్గా మూడు నెలల తర్వాత జరిగింది ఈ ప్రమాదం. అదే మిషన్ కింద గల్ఫ్ నుంచి శంషాబాద్‌లో దిగి, క్వారంటైన్‌లో ఉండి, చివరికి ఇల్లు చేరినవాళ్లు మన జిల్లాల్లో ఎంతోమంది ఉన్నారు. అందుకే ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న మన ఇళ్లలో చాలామందికి అది ఎక్కడో కేరళ ముచ్చట అనిపించలేదు.

సాఠే వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పనిచేసి, రిటైరయ్యాక ఎయిర్‌లైన్‌లోకి వచ్చిన మనిషి. ఇట్లాంటి జీవితాన్ని యాది చేసుకోవడం చూడటానికి సులువే. కూడలిలో ఫ్లెక్సీ కడతాం, యూనిఫాం ఫొటో పెడతాం, జోహార్లు అంటాం. కానీ ఏడాది తర్వాత వచ్చిన ప్రమాద విచారణ నివేదిక ఆయన తప్పును ప్రధాన కారణంగా చూపింది. అప్పుడు ఆయన్ని ఎట్లా గుర్తుపెట్టుకోవాలి? కొందరు నివేదికను పక్కన పెట్టి హీరో అన్నారు, కొందరు మిగతా జీవితమంతా పక్కన పెట్టి పైలట్ తప్పిదం అని తేల్చేశారు. రెండింటినీ ఒకేచోట పెట్టి చూస్తే తప్ప ఆయన జీవితం అర్థం కాదు, ఆ జీవితం నుంచి ప్రయాణికులకు ఒరిగేదీ ఏమీ ఉండదు.

ముందు వాట్సాప్ సంగతి చూద్దాం. ప్రమాదం జరిగిన మర్నాటికే ఒక మెసేజ్ దేశమంతా తిరిగింది, తెలుగులోకీ వచ్చింది. చక్రాలు తెరుచుకోలేదని, ఇంధనం ఖాళీ చేయడానికి కెప్టెన్ మూడు చక్కర్లు కొట్టారని, చివరి క్షణంలో ఇంజన్ ఆపేసి మంటలు రాకుండా అందరినీ కాపాడారని అందులో ఉంది. చదివినవాళ్లకు కళ్లు చెమర్చాయి, ఫార్వర్డ్ చేశారు. అందులో ద్వేషం లేదు, దురుద్దేశం లేదు, పోయిన మనిషి మీద ప్రేమే ఉంది. కానీ జరిగింది అది కాదు. విమానం తన చక్రాల మీదే రన్‌వేను తాకింది. చక్కర్లు కొట్టింది ఇంధనం ఖాళీ చేయడానికి కాదు, మొదటిసారి దిగడం కుదరక మళ్లీ పైకి లేచి, రెండోవైపు నుంచి ప్రయత్నించడానికి. మంటలు రాలేదన్న మాట మాత్రం నిజమే.

ఇక్కడ ఇబ్బంది ఏమిటంటే, ఆయన్ని గొప్పగా చెప్పడానికి కల్పన అవసరమే లేదు. తండ్రి సైన్యంలో బ్రిగేడియర్. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చదువు, అక్కడ బంగారు పతకం. తర్వాత మన హైదరాబాద్ పక్కనే దుండిగల్‌లో ఉన్న ఎయిర్ ఫోర్స్ అకాడమీలో పైలట్ శిక్షణ, అక్కడ స్వోర్డ్ ఆఫ్ ఆనర్. తన బ్యాచ్‌లో అన్నింటా ముందున్న క్యాడెట్‌కు ఇచ్చే కత్తి అది, ఒక్కరికే దక్కుతుంది. 1981 జూన్‌లో కమిషన్ అందుకుని ఫైటర్ పైలట్‌గా మిగ్-21లు నడిపారు. తర్వాత హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో టెస్ట్ పైలట్‌గా పనిచేశారు. 1990ల మొదట్లో ఒక ప్రమాదంలో తలకు పెద్ద గాయమై నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారని, ఇక విమానం ఎక్కలేరని అందరూ అనుకుంటే పట్టుబట్టి మళ్లీ కాక్‌పిట్‌లో కూర్చున్నారని కుటుంబసభ్యులు చెప్పారు. 2003లో వైమానిక దళం నుంచి బయటికొచ్చి ఎయిర్ ఇండియాలో ఎయిర్‌బస్ 310, ఆ తర్వాత ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో బోయింగ్ 737 నడిపారు. మొత్తం పదివేల గంటలకు పైగా గాలిలో గడిపిన మనిషి.

ఈ వివరాల్లో పతకాల కంటే ఎక్కువ ఆగి చూడాల్సింది టెస్ట్ పైలట్ ఉద్యోగం. టెస్ట్ పైలట్ అంటే సాహసాలు చేసేవాడని సినిమాలు అలవాటు చేశాయి. నిజానికి అది చాలా ఓపికతో చేసే పని. ఫ్యాక్టరీలోంచి కొత్తగానో రిపేరయ్యో వచ్చిన విమానాన్ని ఎవరూ నడపకముందే పైకి తీసుకెళ్లి, ఏ ఎత్తులో ఏ వేగంతో ఏం చేయాలో ముందే రాసుకున్న కార్డు ప్రకారం ఒక్కొక్కటే చేసి, మీటర్ ఏ అంకె చూపిందో రాసుకుని, తేడా ఉంటే అక్కడితో ఆపేసి వెనక్కి వచ్చేయాలి. ఆ తర్వాత అదే విమానాన్ని ఏ కుర్ర పైలటో నిశ్చింతగా నడుపుతాడు. ఇట్లాంటి పనికి ఫ్లెక్సీ కట్టేవాళ్లుండరు.

వైమానిక దళం నుంచి ఎయిర్‌లైన్‌కు రావడం పైకి కనిపించేంత తేలిక కాదు. ఎన్నేళ్లు యుద్ధ విమానం నడిపినా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాయాలి, సివిల్ లైసెన్సు తెచ్చుకోవాలి, నడపబోయే రకం విమానం మీద విడిగా శిక్షణ తీసుకోవాలి. నలభై ఏళ్లు దాటాక, స్క్వాడ్రన్‌లో, అంటే వైమానిక దళ పటాలంలో సెల్యూట్లు అందుకున్నాక, మళ్లీ పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడమన్నమాట. అంతకంటే పెద్ద మార్పు కాక్‌పిట్ లోపల ఉంటుంది. మిగ్-21లో సీటు ఒక్కటే, ఇంజన్ ఒక్కటే. దిగేటప్పుడు వేగం గంటకు 300 కిలోమీటర్ల దగ్గర దగ్గర ఉంటుంది, నేల తాకాక తోక దగ్గర పారాచూట్ తెరిచి ఆపాలి. ఏ నిర్ణయమైనా ఒక్కడే తీసుకోవాలి, అదీ క్షణాల్లో. ఎయిర్‌లైన్‌లో ఇద్దరుంటారు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు ప్రతి అంకెనూ గమనిస్తూ, తేడా కనిపిస్తే పైకి అనాలి. అన్నదాన్ని నడిపేవాళ్లు వినాలి. ఆ రెండో సీటు ఉన్నదే మొదటి సీటు తప్పును పట్టుకోవడానికి.

సైన్యం నుంచి వచ్చినవాళ్లకు ఇది చేతకాదని కొందరు తేలిగ్గా అనేస్తుంటారు, అది సరికాదు. స్క్వాడ్రన్‌లలో ఫ్లైట్ అయిపోయాక డీబ్రీఫింగ్ ఉంటుంది, ఎవరు ఎక్కడ తప్పారో మొహం మీదే చెప్పుకుంటారు, ఆ క్రమశిక్షణ చాలా సివిల్ ఆఫీసుల్లో కనపడదు. కాకపోతే ఆ మాటలన్నీ కిందికి దిగాక జరిగేవి. ఎయిర్‌లైన్‌లో అదే పని గాలిలో ఉండగానే, దిగడానికి నిమిషం కూడా లేనప్పుడు జరగాలి.

ఆ రాత్రి అది జరగలేదు. 2021 సెప్టెంబర్‌లో బయటికొచ్చిన విచారణ నివేదికలో క్రమం ఇట్లా ఉంది. మొదట రన్‌వే 28 వైపు నుంచి దిగబోయారు. వానలో కెప్టెన్ వైపు అద్దం మీది వైపర్ కాసేపు పనిచేసి ఆగిపోయింది. దిగకుండా పైకి లేచారు. దీన్నే పైలట్లు గో అరౌండ్ అంటారు, అది సరైన నిర్ణయం. తర్వాత అదే రన్‌వేకు ఎదురు కొస, అంటే రన్‌వే 10 వైపు నుంచి దిగడానికి వచ్చారు. ఈసారి గాలి వెనక నుంచి తోస్తోంది. విమానం రన్‌వే మొదట్లో నేల తాకకుండా పైపైన తేలుతూ పోయి, 8,858 అడుగుల రన్‌వే మీద 4,438 అడుగులు దాటాక తాకింది. అంటే సగం రన్‌వే అప్పటికే వెనకబడిపోయింది, మిగిలింది 4,420 అడుగులే, అదీ నీళ్లు నిలిచి తడిసినది. వెనక గాలి ఉంటే నేల మీద వేగం పెరుగుతుంది, తడి మీద బ్రేకులు సరిగా పట్టవు, రెండూ కలిస్తే ఆగడానికి కావాల్సిన దూరం ఎంతో పెరుగుతుంది. కోజికోడ్‌ది టేబుల్‌టాప్ రన్‌వే, గుట్ట పైభాగాన్ని చదును చేసి వేసింది, చివర దాటితే పల్లమే.

నేల తాకకముందే కో-పైలట్ గో అరౌండ్ అన్నాడు. కెప్టెన్ పైకి లేవలేదు. కుదురుగా లేని అప్రోచ్‌ను, అంటే రన్‌వే వైపు దిగిరావడాన్ని అట్లాగే కొనసాగించి, దిగాల్సిన చోటు దాటిపోయాక దిగడం, కో-పైలట్ గో అరౌండ్ అన్నా లేవకపోవడం, కో-పైలట్ కూడా కంట్రోల్స్ తన చేతుల్లోకి తీసుకోకపోవడం ప్రమాదానికి కారణంగా కనిపిస్తున్నాయని నివేదిక రాసింది. అంతకుముందు 27 సార్లు సాఠే అదే విమానాశ్రయంలో దిగారని అప్పటి పౌర విమానయాన మంత్రి హర్దీప్ సింగ్ పూరి చెప్పారు. అనుభవానికి రుజువుగా ఆయన ఆ మాటన్నారు. కానీ అన్నిసార్లు దిగిన చోట ఈసారీ దిగేస్తాంలే అన్న నమ్మకం కూడా ఆ అనుభవంలోంచే పుడుతుంది. అనుభవం లేని పైలట్ భయపడి లేచిపోయే చోట, అనుభవం ఉన్న పైలట్ సర్దుకోగలననుకుంటాడు. పెద్ద పెద్ద పైలట్లు దెబ్బతిన్నది ఇక్కడే.

నివేదిక అక్కడితో ఆగలేదు, కానీ పత్రికల్లో చాలావరకు అక్కడిదాకానే వచ్చింది. మర్నాడు పొద్దున కోజికోడ్ నుంచి ఇంకో విమానం నడపాల్సింది కూడా ఆయనే. ఆ ఊళ్లో సంస్థ ఉంచిన కో-పైలట్లు ఎందరో ఉంటే కెప్టెన్ మాత్రం ఒక్కరే. ఎక్కడికైనా మళ్లించి దిగితే మర్నాటి డ్యూటీ చెడుతుంది, ప్రయాణికులు ఇరుక్కుంటారు, అదీ కరోనా రోజుల్లో. ఎట్లాగైనా కోజికోడ్‌లోనే దిగాలన్న ఆత్రం వెనక ఇది ఉందని, అది సంస్థ మానవ వనరుల విధానంలోని లోపమని నివేదిక రాసింది. వ్యవస్థలోని వైఫల్యాల పాత్రను కొట్టిపారేయలేమని కూడా చెప్పింది. మర్నాటి డ్యూటీ కోసం ఆత్రపడటం మన దగ్గర మంచి ఉద్యోగి లక్షణం కింద చెల్లుతుంది. డ్రైవర్ అయినా, డాక్టర్ అయినా, నిద్ర లేకున్నా డ్యూటీ ఎక్కాడంటే మెచ్చుకుంటాం. సైన్యంలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి ఆ గుణం ఇంకా ఎక్కువే ఉంటుంది. అట్లాంటి మనిషిని ఆ ఒత్తిడిలో పెట్టని డ్యూటీ చార్టు వేయడం సంస్థ పని, అది చేయకుండా చనిపోయిన మనిషి మీద మొత్తం భారం వేయడం అన్యాయం.

ఇది ఒక్క సాఠే కథ కాదనడానికి పదేళ్ల ముందరి మంగళూరు ఉంది. 2010 మే 22న అదే సంస్థ విమానం, అదీ దుబాయ్ నుంచే వచ్చి, అట్లాంటి టేబుల్‌టాప్ రన్‌వే మీదే దాటిపోయింది. 166 మందిలో 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. అక్కడా కో-పైలట్ గో అరౌండ్ అన్నాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. కెప్టెన్ వినలేదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది గల్ఫ్ నుంచి ఇంటికొస్తున్నవాళ్లే. పదేళ్ల తేడాతో రెండుచోట్లా పక్కసీటు మాట నిలబడలేదంటే, లోపాన్ని ఒక మనిషి స్వభావంలో వెతికితే సరిపోదు.

పక్కసీటు మాట నిలబడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోవాలి. అల్ హేన్స్ కూడా సైన్యం నుంచి వచ్చినవాడే, 1950ల్లో మెరైన్ దళంలో పైలట్, 1956లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో చేరాడు. 1989 జులై 19న ఆయన నడుపుతున్న డీసీ-10 విమానం తోకలోని ఇంజన్ పగిలి, ఆ ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ తెంచేశాయి. అంటే స్టీరింగ్ తిప్పినా రెక్కల మీద, తోక మీద ఏదీ కదలదు. అదే విమానంలో ప్రయాణికుడిగా ఉన్న డెన్నిస్ ఫిచ్ అనే శిక్షణ పైలట్ సాయం చేస్తానన్నాడు. హేన్స్ అతన్ని కాక్‌పిట్‌లోకి పిలిచి ఇంజన్ల థ్రాటిల్స్ అప్పగించాడు. మిగిలిన రెండు ఇంజన్లలో ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ పవర్ ఇస్తూ విమానాన్ని తిప్పుకుంటూ అయోవా రాష్ట్రంలోని సూ సిటీ దాకా తెచ్చారు. దిగేటప్పుడు విరిగి కాలిపోయింది. 296 మందిలో 112 మంది పోయారు, 184 మంది బతికారు. ఆ స్థితిలో విమానాన్ని క్షేమంగా దించడం అసాధ్యమని తర్వాత సిమ్యులేటర్‌లో, అంటే విమానాన్ని అనుకరించే యంత్రంలో ప్రయత్నించినవాళ్లు తేల్చారు.

హేన్స్ 2019లో చనిపోయేదాకా ఎన్నో ఊళ్లు తిరిగి ఒకే సంగతి చెప్పాడు. తానొక్కడినే ఏదో చేశానని చెప్పలేదు, కాక్‌పిట్‌లో ఉన్న నలుగురి బుర్రలూ పనిచేయడం వల్లే అంతమందైనా బతికారని చెప్పాడు. కెప్టెన్ మాటే చట్టంగా నడిచిన రోజుల్లో విమానాలు పోగొట్టుకున్నామని కూడా దాచకుండా చెప్పాడు. ఆ మాట వెనక వాళ్ల సంస్థ అనుభవం ఉంది. 1978 డిసెంబర్‌లో పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ విమానం ఒకటి చక్రాల సమస్య చూసుకుంటూ గాలిలోనే తిరిగి తిరిగి ఇంధనం అయిపోయి కూలింది, పదిమంది పోయారు. ఇంధనం తగ్గుతోందని సిబ్బంది చెప్పారు, కానీ గట్టిగా చెప్పలేకపోయారు. దాని తర్వాతే ఆ సంస్థ కాక్‌పిట్‌లో అందరూ నోరు విప్పేలా, కెప్టెన్ వినేలా శిక్షణ మొదలుపెట్టింది. హేన్స్ ఆ శిక్షణ పొందిన కెప్టెన్. హేన్స్‌కు, సాఠేకు మధ్య తేడా ధైర్యంలో లేదు. తలకు దెబ్బ తగిలి నెలలు ఆసుపత్రిలో ఉండి మళ్లీ యుద్ధ విమానం ఎక్కిన మనిషి ధైర్యం గురించి ఎవరూ ఏమీ అనలేరు. పైగా ఆ రెండు సందర్భాలూ ఒకటి కావు: హేన్స్‌కు దిగడం తప్ప దారి లేదు, సాఠేకు మళ్లీ లేచే దారి ఉంది, ఉన్న దారిని వదులుకోమని ఆత్రం తొందరపెడుతోంది.

మన దగ్గర సంస్మరణ సభలు ఎట్లా జరుగుతాయో అందరికీ తెలుసు. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో మాజీ సైనికుడు పోతే తోటి సైనికులు వస్తారు, ఫొటోకు దండ వేస్తారు, రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు, వక్తలు దేశభక్తి గురించి మాట్లాడతారు. అది కావాలి, ఆ ఇంటివాళ్లకు అది పెద్ద ఆసరా. కానీ ఆ మనిషి రోజూ చేసిన పని గురించి ఎవరూ మాట్లాడరు. ఏ విమానం నడిపాడు, దాంట్లో కష్టం ఏమిటి, ఎవరికి నేర్పాడు, ఎక్కడ దాదాపు తప్పి బయటపడ్డాడు, ఏం చూసి వెనక్కి తిరిగాడు. ప్రతి పైలట్‌కూ లాగ్‌బుక్ ఉంటుంది. ఏ తేదీన ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ విమానం, ఎన్ని గంటలు, పగలా రాత్రా అని ఒక్కో ఫ్లైటూ ఒక్కో వరుసలో రాసుకుంటారు. వేల వరుసలు, దాదాపు అన్నీ ఏమీ జరగకుండా ముగిసినవే. ఆ పేజీలు తిరగేసి నాలుగు వరుసలు చదివితే వక్తల ప్రసంగాలకంటే ఎక్కువ తెలుస్తుంది. సభకు వచ్చిన ఎన్సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు స్వోర్డ్ ఆఫ్ ఆనర్ గురించి చెప్పిన నోటితోనే, అది అందుకున్న మనిషి కూడా ఒక రాత్రి పక్కవాడి మాట వినలేదని చెప్పాలి. పిల్లలు అర్థం చేసుకుంటారు. ఆయన మీద గౌరవం ఏమీ తగ్గదు.

ప్రయాణికుల వైపు నుంచి కూడా ఒక సంగతి ఉంది. శంషాబాద్‌లో దిగబోతున్న విమానం ఒక్కసారిగా ఇంజన్ల మోత పెంచి పైకి లేస్తే లోపల టెన్షన్ మొదలవుతుంది, ఫోన్లలో వీడియోలు తీస్తారు, తృటిలో తప్పిన ప్రమాదం అని టీవీలో స్క్రోలింగ్ వస్తుంది, పైలట్‌కు చేతకాలేదన్నట్టు మాట్లాడతారు. గో అరౌండ్ అంటే ప్రమాదం తప్పడం కాదు, మామూలు పని. రన్‌వే మీద ఇంకో విమానం ఉన్నా, గాలి మారినా, వేగం ఎక్కువున్నా చేస్తారు, చేయాలి కూడా. అట్లా లేచిన పైలట్‌ను ఇరవై నిమిషాలు ఆలస్యమైందని తిట్టుకునే అలవాటు పోతే, లేవాలా వద్దా అని ఊగిసలాడే కెప్టెన్ మీద ఆ మేరకు బరువు తగ్గుతుంది.

ఇప్పుడు వరంగల్‌కే విమానాశ్రయం వస్తోంది. నిజాం కాలంలో కట్టి, 1981 దాకా నడిచి మూతపడ్డ మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. రన్‌వే పొడిగించడానికి నక్కలపల్లి, గుంటూరుపల్లి వైపు రైతుల భూములు తీసుకోవాల్సి వచ్చింది, పరిహారం మీద వాళ్ల ఆవేదన న్యాయమైనదే, అది తేల్చాకే పని సాగాలి. అట్లాగే రన్‌వే అయిపోయాక కూడా ఖాళీగా కొంత జాగా ఎందుకు ఉంచుతారో వాళ్లకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. దాటిపోయిన విమానం ముక్కలు కాకుండా ఆగడానికి రన్‌వే చివర 240 మీటర్ల భద్రతా స్థలం ఉండాలన్నది అంతర్జాతీయ విమానయాన సంస్థ సిఫార్సు. మామునూరుది చదును నేల, గుట్ట అంచు బాధ లేదు. కానీ వానాకాలం ఇక్కడా ఉంటుంది, గాలి ఇక్కడా మారుతుంది, మర్నాటి డ్యూటీ ఉన్న కెప్టెన్లు ఇక్కడికీ వస్తారు.